చేతులు పనికిరావని ఆరు నెలలకే తేలిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లోనే ఎంఎస్ జనరల్ సర్జరీలో చేరి ఆరు నెలలైంది. తోటి పీజీ ఒకతను అప్పుడే అపెండిక్స్ ఆపరేషన్ చేశాడట. తనేమో ఇంకా కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకునే దగ్గరే ఉంది. ‘నా చేతులు సర్జరీకి పనికిరావు నాన్నా’ అని ఏడుస్తోంది. మాన్పించి రేడియాలజీకి ప్రయత్నించమంటారా?
– ఒక తండ్రి, మలక్‌పేట

జవాబు: ఇప్పుడే మాన్పించకండి. అమ్మాయి బాధ నిజమే కానీ, తనను తాను కొలుచుకుంటున్న కొలతే సరైంది కాదు. మొదటి కేసు ఎవరి చేతికి ఎప్పుడు వస్తుందన్నది యూనిట్‌ని బట్టి, ఆ రాత్రి డ్యూటీని బట్టి ఉంటుంది. పీజీలు తమ కేసులు రాసుకునే లాగ్ బుక్ కూడా ఎన్ని చూశారు, ఎన్ని అసిస్ట్ చేశారు, ఎన్ని సొంతంగా చేశారు అనే లెక్కే చెబుతుంది. మొదటి హెర్నియాకీ ఇరవయ్యో హెర్నియాకీ మధ్య చెయ్యి ఎంత తిరిగిందో అందులో కనపడదు.

అది చూడటానికి వేరే పద్ధతి ఉంది. 1990లలో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో ‘ఓశాట్స్’ అనే మార్కుల పట్టిక తయారుచేశారు. ఏడు అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. కణజాలాన్ని ఎంత సుతారంగా పట్టుకుంటున్నారు, చెయ్యి ఎంత వృథాగా కదులుతోంది, తర్వాత చేయాల్సింది ముందే తెలుసా, అసిస్టెంట్‌ను ఎలా వాడుకుంటున్నారు, ఇలాంటివి. వేగం ఒక్కటే చూడరు.

ఇది ఉత్త కాగితం లెక్క అనుకోకండి. అమెరికాలోని మిషిగన్‌లో 20 మంది బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) సర్జన్ల ఆపరేషన్ వీడియోలకు, ఎవరివో చెప్పకుండా, తోటి సర్జన్లతో మార్కులు వేయించారు. 2013లో ఫలితాలు వచ్చాయి. మార్కుల్లో అట్టడుగున ఉన్నవాళ్ల రోగుల్లో 14.5 శాతం మందికి కాంప్లికేషన్లు వస్తే, పైవరసవాళ్ల దగ్గర 5.2 శాతమే.

అమ్మాయిని ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని అడగమనండి: ‘మేడమ్, నెలకోసారి నేను చర్మం కుట్లు వేస్తుంటే చూసి ఈ ఏడింటికీ మార్కులు వేస్తారా?’ అని. పని అదే, పట్టిక అదే ఉండాలి, నెల మాత్రమే మారాలి. ఇంట్లోనూ చేయొచ్చు. కోడి కాలు స్కిన్‌తో ఇమ్మని కొట్టులో అడగండి, లేదంటే అరటి తొక్క చాలు. ఫోన్‌ను ఒకేచోట పెట్టి, పది కుట్లు వేస్తున్న వీడియో నెలనెలా తీయమనండి. సూది చర్మంలోకి నిటారుగా దిగుతోందా, ముడి బిగిసేటప్పుడు అంచులు ముడుచుకుపోతున్నాయా అన్నది మూడో నెల వీడియోను మొదటిదాని పక్కన పెడితే తనకే కనిపిస్తుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. నెలనెలా వచ్చే మార్కుల గీత తిన్నగా పైకి పోదు. కొన్నాళ్లు కదలదు. కష్టమైన కేసు చేతికిచ్చిన నెలలో మార్కులు పడిపోతాయి కూడా. అది వెనకబడటం కాదు, పెద్ద పని అప్పగించారని అర్థం. చాలామంది సరిగ్గా అక్కడే టెన్షన్ పడి వదిలేస్తామంటారు. నాకు చాలా బాధ కలిగించేది అదే.

రెండో ఏడాది సగానికి వచ్చినా, ఇద్దరు ముగ్గురు సీనియర్లు విడివిడిగా అవే తప్పులు, అవే మార్కులు చూపిస్తుంటే అప్పుడు బ్రాంచ్ మార్పు గురించి ఆలోచిద్దాం. దానికి మళ్లీ నీట్ పీజీ రాయాలి. సీటు వదిలితే బాండు షరతులేమిటో అడ్మిషన్ కాగితాల్లో ముందే చదువుకోండి.

ఈలోగా రాత్రి ఇంటికి రాగానే ‘ఇవాళ కేసు ఇచ్చారా?’ అని అడగకండి. అన్నం తిన్నాక, ‘ఈ నెల వీడియో చూపించమ్మా’ అనండి.