అక్రోట్ల ఖీమా ముద్దవుతోందా?

ప్రశ్న: మాంసం మానేశాం. మీల్ మేకర్ ఖీమా పిల్లలకు నచ్చడం లేదు. అక్రోట్లతో చేస్తే మిక్సీలో ముద్దయింది, కూర చేదొచ్చింది. ఎక్కడ తప్పాను?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులండీ. చేదు గింజ మీది పొరది. వగరుకు కారణమైన టానిన్లు అందులోనే ఉంటాయి. 150 గ్రాముల అక్రోట్లను మరిగిన నీళ్లలో 20 నిమిషాలు ఉంచి, రంగు దిగిన ఆ నీళ్లు పారబోసి రెండుసార్లు కడగండి. అప్పటికీ చేదుంటే సరుకే పాతది. కొరికితే పాత నూనె వాసన వచ్చే గింజను ఎంత నానబెట్టినా బాగుపడదు.

ఇక ముద్ద సంగతి. అక్రోట్ల బరువులో దాదాపు మూడింట రెండు వంతులు నూనే. మిక్సీ ఆపకుండా తిప్పితే గింజ నలిగి, జారు వేడెక్కి ఆ నూనె బయటికొస్తుంది. కడిగిన గింజల్ని బట్ట మీద అరగంట ఆరబెట్టి, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. జారు సగానికి మించి నింపొద్దు. ఒక్క సెకను తిప్పి ఆపడం, స్పూనుతో కలపడం. ఇలా ఆరేడుసార్లు చాలు. బొంబాయి రవ్వ కంటే పెద్దగా, కందిపప్పు బద్దలో సగమంత పలుకులు ఉండగానే ఆపేయాలి. ఇంకొక్క తిప్పు తిప్పుదామనిపించేది సరిగ్గా అప్పుడే!

అక్రోట్లు ఒక్కటే అయితే కూర జిడ్డుగా, బరువుగా ఉంటుంది. 200 గ్రాముల బటన్ పుట్టగొడుగుల్ని కత్తితో సన్నగా తరగండి, మిక్సీలో వేస్తే నీరు కక్కుతాయి. నూనె, ఉప్పు లేకుండా వెడల్పాటి మూకుడులో పెద్ద మంట మీద, నీరంతా ఇగిరి అంచులు ఎర్రబడేదాకా వేయించండి. సుమారు పది నిమిషాలు పడుతుంది. ఇక్కడ తొందరపడితే ఖీమా కాదు, పుట్టగొడుగుల కూర అవుతుంది. తర్వాత రెండు చెంచాల నూనె, ఒక పెద్ద ఉల్లిపాయ, చెంచాడు అల్లం వెల్లుల్లి, చెంచా ధనియాల పొడి, అర చెంచా గరం మసాలా, కారం. చెంచాడు సోయా సాస్ వేస్తే రంగు, రుచి రెండూ దగ్గరికొస్తాయి. ఉప్పు ఆ మేరకు తగ్గించాలి. అక్రోట్ల పలుకులు చివరి ఐదు నిమిషాల్లోనే వేయండి. కూరలో ఎక్కువసేపు ఉడికితే మెత్తబడిపోతాయి. నలుగురికి సరిపోతుంది.

ప్రశ్న: ఇదే మిశ్రమంతో ఖీమా ఉండలు చేస్తే నూనెలో విడిపోతున్నాయి. శనగపిండి కలపాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మాంసంలోని ప్రొటీన్ వేడికి గట్టిపడి ఉండను పట్టి ఉంచుతుంది. గింజల పలుకులకు ఆ గుణం లేదు. శనగపిండి పచ్చివాసన లోపల మిగిలిపోతుంది కాబట్టి పుట్నాల పొడి మేలు. పై కొలతకు మూడు పెద్ద చెంచాల పుట్నాల పొడి, ఉడికించి చల్లార్చిన చిన్న బంగాళాదుంప ఒకటి మెదిపి కలపండి. నిమ్మకాయకంటే చిన్న ఉండలు చేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. మూకుడు నిండా నూనె ఎందుకు? గుంతపొంగనాల పెనంలో గుంటకు అర చెంచా నూనెతో తిప్పుతూ కాల్చండి, విడిపోయే బాధే ఉండదు.

ప్రశ్న: అక్రోట్లు ఖరీదు. వేరుశనగ, జీడిపప్పు పనికొస్తాయా?
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: వేరుశనగ భేషుగ్గా పనికొస్తుంది. 100 గ్రాములకు ప్రొటీన్ అక్రోట్లలో సుమారు 15 గ్రాములైతే, ఇందులో 25 దాకా ఉంటుంది. పచ్చి గింజల్నే తీసుకుని, రాత్రంతా నానబెట్టి, ఉప్పు వేసి కుక్కర్‌లో రెండు కూతలు రానిచ్చి, వార్చి ఆరబెట్టి పైలాగే తిప్పండి. వేయించినవి వాడితే పచ్చడి రుచి వస్తుంది. జీడిపప్పు తియ్యన, పైగా ఇట్టే ముద్దవుతుంది. దాన్ని గ్రేవీకి ఉంచుకోండి.

వండిన ఖీమా ఫ్రిజ్‌లో మూడు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో నెల ఉంటుంది. బీ12 విటమిన్ మాత్రం ఏ గింజలోనూ దొరకదు. పాలు, గుడ్లు కూడా మానేసినవారు డాక్టరును అడిగి మాత్రలు వాడాలి. అతిథులకు వడ్డించేటప్పుడు ఇందులో ఏ గింజలున్నాయో ముందే చెప్పండి, చూడటానికి ఖీమాలాగే ఉంటుంది కాబట్టి వేరుశనగ పడనివాళ్లు పోల్చుకోలేరు.