58 మందితో ప్రభుత్వం నిలబడటం చట్టసమ్మతమేనా?

ప్రశ్న: 119 స్థానాలున్న శాసనసభలో అధికార పార్టీకి స్పీకర్‌తో కలిపి 58 మందే ఉన్నారనుకుందాం. ఎదుటి పక్షాల్లో కొందరు రాజీనామా చేయడం వల్ల, మరికొందరు సభకు రాకపోవడం వల్ల ఆ ప్రభుత్వం బలపరీక్షలో గట్టెక్కితే, 60 మంది మద్దతు లేదు కాబట్టి అది చెల్లదని కోర్టుకు వెళ్లవచ్చా? శాసనమండలిలో ప్రతిపక్షానిదే పైచేయి అయితే ప్రభుత్వం రాజీనామా చేయాలా?

సమాధానం: 60 మంది లేరన్న ఒక్క కారణంతో ఆ బలపరీక్ష ఫలితాన్ని కోర్టులో కొట్టివేయించడం సాధ్యం కాదు. పత్రికలు, టీవీలు ‘మ్యాజిక్ ఫిగర్’ అంటూ చెప్పే అంకె ఎన్నికల రాత్రి లెక్కకు పనికొస్తుందే తప్ప, ప్రభుత్వానికి మొత్తం స్థానాల్లో సగానికి మించి మద్దతు ఉండితీరాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహిస్తుందని 164వ అధికరణం చెబుతుంది. సభ తన నిర్ణయాన్ని ఏ లెక్కన తీసుకోవాలో 189వ అధికరణం చెబుతుంది. దాని ప్రకారం, రాజ్యాంగం వేరేగా నిర్దేశించిన సందర్భాల్లో తప్ప, ఏ విషయమైనా ఆ రోజు సభకు హాజరై ఓటు వేసిన సభ్యుల్లో ఎక్కువమంది ఎటు ఉంటే అటే తేలుతుంది. ఈ లెక్కలోకి స్పీకర్ రారు. ఓట్లు సమానమైనప్పుడు మాత్రమే ఆయన నిర్ణాయక ఓటు వేస్తారు. సభలో కూర్చుని కూడా తటస్థంగా ఉండిపోయినవారు ఓటు వేసినవారి లెక్కలోకి రారు.

మీరు చెప్పిన సభనే తీసుకుందాం. అధికార పక్షానికి స్పీకర్‌ను మినహాయిస్తే 57 ఓట్లు ఉంటాయి. ఎదుటి పక్షాల 61 మందిలో నలుగురి రాజీనామాలు ఆమోదం పొంది, ముగ్గురు ఆ రోజు రాకపోతే 54 ఓట్లు మిగులుతాయి. మొత్తం 111 ఓట్లు పోలైతే 56 వచ్చినవారు నెగ్గినట్టే కాబట్టి, 57 ఓట్లతో ప్రభుత్వం నిలబడుతుంది. ఆ ముగ్గురూ వచ్చి వ్యతిరేకంగా ఓటు వేసి ఉంటే 57కు 57 అయి, భారమంతా స్పీకర్ ఓటు మీద పడేది. ఇక్కడ ‘ఆమోదం’ అన్న మాట కీలకం. రాజీనామా లేఖ ఇచ్చినంత మాత్రాన స్థానం ఖాళీ కాదు. అది స్వచ్ఛందంగా, నిజంగా చేసినదేనని స్పీకర్ నమ్మి ఆమోదించాలి. బొటాబొటి మెజారిటీ ఉన్న సభల్లో రాజీనామాల ఆమోదం ఒక్కరోజు అటూఇటూ అయితే ఎంత రగడ జరుగుతుందో చూస్తూనే ఉన్నాం.

ఇది కేవలం ఊహ కాదు. 2019 జులైలో కర్ణాటకలో కుమారస్వామి ప్రభుత్వం విశ్వాస తీర్మానంలో 99–105 తేడాతో ఓడిపోయింది. అక్కడ ఎన్నికైన స్థానాలు 224, సగానికి మించిన అంకె 113. అయినా 105 ఓట్లే ప్రభుత్వాన్ని దించడానికి సరిపోయాయి, ఎందుకంటే చాలామంది సభకు రాలేదు. లోక్‌సభలో 1993 జులైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వంపై పెట్టిన అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు వచ్చాయి. 265 అంటే 543లో సగానికి తక్కువే. అయినా ప్రభుత్వం నిలిచింది. ఆ ఓట్ల వెనక లంచం కేసు వేరే కథ. లంచం తీసుకుని ఓటు వేసిన సభ్యులకు రాజ్యాంగ రక్షణ ఉందని 1998లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చాలామంది న్యాయవాదులకు మింగుడుపడలేదు. దాన్ని 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టివేసింది. కాబట్టి ఓట్లు కొన్నారన్న ఆధారం ఉంటే సభ్యులపై క్రిమినల్ కేసు నడుస్తుంది. ‘60 లేదు’ అన్న వాదన కన్నా ఈ దారి గట్టిది.

రాని ఆ ముగ్గురి సంగతి వేరుగా చూడాలి. ఎలా ఓటు వేయాలో చెబుతూ పార్టీ విప్ (ఆదేశం) జారీ చేసినప్పుడు దానికి విరుద్ధంగా ఓటు వేయడమే కాదు, ముందస్తు అనుమతి లేకుండా ఓటింగుకు దూరంగా ఉండటం కూడా రాజ్యాంగంలోని పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం కింద అనర్హతకు దారితీస్తుంది. పార్టీ 15 రోజుల్లోగా దాన్ని మన్నిస్తే తప్ప. అయితే అనర్హత వేటు పడినా జరిగిపోయిన ఓటింగు తిరగబడదు. విప్‌ను ధిక్కరించి వేసిన ఓటు ఆ రోజుకు ఓటే. అనర్హత పిటిషన్‌పై స్పీకర్ నిర్ణయం వచ్చేసరికి నెలలు గడిచిపోవడం కూడా మామూలే, ఈ చట్టంలో అసలు లోపం అదేనని నా అభిప్రాయం.

మొత్తం సభ్యుల సంఖ్య నిజంగా లెక్కకొచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి. స్పీకర్‌ను తొలగించే తీర్మానానికి ఆనాటికి సభలో ఉన్న సభ్యులందరిలో సగానికి మించి మద్దతు కావాలి. శాసనమండలిని రద్దు చేయాలని కోరే తీర్మానానికైతే మొత్తం సభ్యత్వంలో సగానికి మించి, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ఓట్లు రావాలి. మీరన్న 60 అనే అంకెకు అక్కడ నిజమైన విలువ ఉంది.

ఇక మండలి గురించి: ప్రభుత్వం జవాబుదారీగా ఉండవలసింది శాసనసభకే. మండలిలో ప్రతిపక్షం ఎంత బలంగా ఉన్నా మంత్రివర్గం రాజీనామా చేయనక్కరలేదు. మండలి సాధారణ బిల్లులను కొంతకాలం ఆపగలదు గానీ, శాసనసభ రెండోసారి ఆమోదించి పంపితే ఒక నెలకు మించి అడ్డుకోలేదు.