నల్లమల నీలి సాలీడు లిస్టులో ఉంది, మరి మా కయ్యలో సాలీడు?

ప్రశ్న: గిద్దలూరు అడవిలో నీలంగా మెరిసే పెద్ద సాలీడు అంతరించిపోయే దశలో ఉందని మావాడు ఫోన్లో చూపించాడు. పులులంటే కెమెరాలు పెట్టి లెక్కేస్తారు, సాలీళ్ళని ఎవరు లెక్కేశారు, ఎట్టా లెక్కేశారు? మా కయ్యల్లో చిన్నప్పుడు గట్టు మీద నడిస్తే కాళ్ళ ముందు బిలబిలా పరిగెత్తేయి, ఇప్పుడు అంతగా కనపడటంలా. అవి కూడా ఆ లిస్టులో ఉన్నాయా?
– ఒక వరి రైతు, కోవూరు

జవాబు: ఒక్కొక్కటి పట్టి లెక్కెయ్యడం ఎవరివల్లా కాదండీ. అందుకే ఏ జీవికి ఎంత ప్రమాదం ఉందో ప్రపంచమంతటికీ చెప్పే ఐయూసీఎన్ రెడ్ లిస్టులో సాలీళ్ళకి ఎక్కువగా చూసేది తల కాదు, నేల. అంటే ఆ రకం ఎంత మేర బతుకుతోంది, ఆ మేర తగ్గిపోతోందా, ముక్కలైపోతోందా అని. ఆ మేర 100 చదరపు కిలోమీటర్ల లోపు ఉండి, ఉన్న చోటు కూడా ముక్కలైపోయి పాడైపోతుంటే అది అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కేటగిరీలోకి పోతుంది. పది కిలోమీటర్లు పొడుగు, పది వెడల్పు, అంతే ఆ జీవికి ఉన్న ప్రపంచం.

మీరు చెప్పిన నీలి సాలీడు కథ అదే. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు, దొరికిందేమో గుత్తి రైల్వే కలప యార్డులో, అందుకే ఇప్పటికీ గుత్తి సాలీడు అంటారు. కానీ అది ఉండేది పెద్ద చెట్ల తొర్రల్లో, అందుకని కలపతో పాటు రైలెక్కి వచ్చిందని అనుకుంటారు. ఆ తర్వాత 102 ఏళ్ళు ఎవరికీ కనపడలా, 2001లో నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. కలపకీ వంటచెరుకుకీ అక్కడి చెట్లు పోతున్నాయని, ఉన్న చోటు అంత చిన్నదని చూసి 2008లో దాన్ని ఆ పై కేటగిరీలో పెట్టారు. తొర్ర ఉన్న ముసలి చెట్టు ఒక్కటి కొట్టేస్తే మనకి ఒక మోపు కట్టెలు, దానికి ఇల్లే పోయినట్టు.

ఇక మీ కయ్య సంగతి, నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. గట్టు మీద పరిగెత్తేవి గూడు అల్లని వేట సాలీళ్ళు, వాటిలో వరిపొలాల్లో బాగా కనపడే రకం ఒకటి మన దగ్గర్నుంచి చైనా జపాన్ దాకా ఉంది. మేర అంత పెద్దది కాబట్టి నేల లెక్క దానికి పట్టదు. ఇంకో రూలు ఉంది, పదేళ్ళలో లేదా మూడు తరాల్లో సంఖ్య 30 శాతమో ఇంకా ఎక్కువో తగ్గితే లిస్టులోకి రావచ్చు, కానీ తగ్గిందని చెప్పాలంటే ఏటేటా ఎవరో ఒకరు అదే కయ్యలో లెక్క రాసుండాలి కదా, ఎవరు రాశారు? ప్రపంచంలో పేరు పెట్టిన సాలీళ్ళు 50,000 దాటినాయి, వాటిలో నూటికి తొంభై పైగా ఇంకా ఎవరూ అంచనానే వెయ్యలేదు. కాబట్టి లిస్టులో పేరు లేదంటే బాగుందని కాదు, చాలావాటికి చూసినవాళ్ళే లేరని అర్థం.

మీ నష్టం మాత్రం లిస్టు కోసం ఆగదు. దోమపోటుకి, అంటే వరి రసం పీల్చే సుడిదోమకి మందు కొడితే పైకి కనపడే దోమతో పాటు సాలీళ్ళూ చస్తాయి, దోమ గుడ్లు వరి మట్టలోపల పెట్టుంటుంది కాబట్టి అవి తప్పించుకుంటాయి, పొదిగినాక తినేవాడు లేడు, ఇంక చూడండి మళ్ళీ ఎంత దోమో. దుబ్బు కొట్టి చూసి, దోమలెన్ని సాలీళ్ళెన్ని అని రెండూ లెక్కేసుకున్నాకే మందు సంగతి ఆలోచించండి. ఆ లెక్కని తేదీతో పుస్తకంలో రాసి పెట్టారంటే పదేళ్ళకి అదే ఎవరి దగ్గరా లేని సమాచారం అవుతుంది.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. సాలీళ్ళ ఫొటోలు తీసి ఆన్‌లైన్లో పెడితే ఇట్లాంటి అంచనాలకి పనికొస్తాయా?
– ఒక విద్యార్థిని, గిద్దలూరు

జవాబు: తప్పకుండా పనికొస్తాయమ్మా, జీవుల ఫొటోలు పెట్టే ఐనాచురలిస్ట్ లాంటి వెబ్‌సైట్లలో తేదీ, చోటు కరెక్టుగా ఉంటే ఆ రకం ఎంత మేర ఉందో గీసేటప్పుడు అదొక చుక్క అవుతుంది. పైనుంచి ఒకటి, ముఖం దగ్గర ఒకటి, పొట్ట కింద ఒకటి తియ్యి, ఎందుకంటే చాలా రకాలు పెద్దయినాక వచ్చే గుర్తులతోనే తేలతాయి, కొన్నైతే మైక్రోస్కోప్ లేకుండా తేలనే తేలవు, పిల్ల సాలీడు అయితే ఇంకా కష్టం. పేరు తేలకపోతే నిరుత్సాహపడవద్దు.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా. నీలి సాలీడు కనపడితే ఆ చెట్టు ఎక్కడుందో వాట్సాప్ గ్రూపుల్లో కూడా పెట్టొద్దు. దాని అందం చూసి పెంచుకునేవాళ్ళు విదేశాల్లో చాలామంది, అందుకే 2019లో జెనీవా సమావేశంలో దాన్నీ దాని దగ్గరి బంధువు రకాలన్నిటినీ కలిపి సైటిస్ (అడవి జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) రెండో జాబితాలో చేర్చి దేశాల మధ్య వ్యాపారానికి పర్మిట్ తప్పనిసరి చేశారు. అడవిలోకి ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ లేకుండా పోవద్దు, తొర్రలో పుల్ల పెట్టి కదిలించొద్దు, కుడితే బాగా నొప్పి కూడా. ముందు మీ ఇంటి పెరట్లో, కాలేజీ గోడల మీద ఉన్నవాటితో మొదలుపెట్టు, వాటి ఫొటోలు కూడా తక్కువే ఉన్నాయి.