ఆదివారం ఖాళీగా కూర్చుంటే తప్పు చేస్తున్నట్టు అనిపిస్తోంది, ఏం చేయాలి?

ఆ గిల్ట్ మీ స్వభావం కాదండీ, అలవాటు. ఇంటర్ హాస్టల్లో గంట కొడితే లేచి, గంట కొడితే తిని, రాత్రి స్టడీ అవర్లో కాస్త తల వాలిస్తే వార్డెన్ వచ్చి బల్ల మీద కర్రతో కొట్టిన చప్పుడు నాకు ఉద్యోగంలో చేరిన పదేళ్లకి కూడా పోలేదు, మధ్యాహ్నం కునుకు పడితే ఉలిక్కిపడి లేచి ల్యాప్‌టాప్ తెరిచేదాన్ని.

ఊరికే ఉన్నప్పుడు మెదడు ఆగిపోదు. ఏ పనీ పెట్టుకోనప్పుడే ఎక్కువ చురుగ్గా ఉండే భాగాలు కొన్ని ఉన్నాయని అమెరికా మెదడు పరిశోధకుడు మార్కస్ రైకిల్ బృందం 2001లో రాసింది, మెదడు ఊరికే ఉన్నప్పటి ఆ పనితీరుకి డిఫాల్ట్ మోడ్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. పాత జ్ఞాపకాలు, రేపటి ఆలోచనలు అప్పుడే కదులుతాయి.

నాకు పనికొచ్చింది ఒకటే. మిగిలిన పనులు ఏ రోజు, ఎన్ని గంటలకు చేస్తానో శనివారం రాత్రే కాగితం మీద రాసేసి, ఆదివారం ఫోన్ లోపల పెట్టి ఇరవై నిమిషాలు వరండాలో కూర్చోవడం. మొదటి రెండు మూడు వారాలు చాలా చిరాగ్గా ఉంటుంది, చేతులు ఏదో ఒకటి వెతుక్కుంటాయి, అయినా లేవకండి. ఫోన్ చూస్తూ పడుకోవడాన్ని మాత్రం నేను రెస్ట్ అనను.

"పనంతా అయ్యాక రెస్ట్" అనే షరతు తీసేయండి, పని ఎప్పటికీ అవ్వదు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు మన పెద్దలు, చేలో పనులన్నీ తీరాయా అని ఆ రోజు ఎద్దుల్ని ఎవరూ అడగరు కదా. ఇంత చేసినా రాత్రుళ్లు నిద్ర పట్టక టెన్షన్ అలాగే ఉంటే డాక్టర్‌ని కలవండి.