రంగైలుండా ఎయిర్‌స్ట్రిప్ దగ్గర ఇంటి స్థలం కొనొచ్చా? విమానాల శబ్దానికి నిబంధనలు ఉన్నాయా?

బరంపురంలో రంగైలుండా వైపు స్థలం చూస్తున్నామని, రేపు ఎయిర్‌స్ట్రిప్ పెద్దదైతే శబ్దం మీద ప్రభుత్వ నిబంధన ఏమైనా ఉందా అని అడిగారు. ఉందండీ. కానీ దాన్ని నమ్ముకుని స్థలం కొనకండి.

మాదీ బరంపురమే. ఉద్యోగం కోసం ఒక పెద్ద నగరంలో నాలుగేళ్లు విమానాశ్రయం దగ్గర అద్దెకున్నాం. అద్దె ఎందుకు తక్కువో మొదటి రాత్రే తెలిసింది. విమానం దిగుతుంటే వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. మా పాపకి అప్పుడు ఏడు నెలలు. జోకొట్టి జోకొట్టి పడుకోబెట్టేసరికి పదకొండున్నర విమానం వచ్చేది. పాప ఉలిక్కిపడి లేచేది. మళ్లీ జోల మొదలు. ఫిర్యాదు చేస్తే, కొలతలు పరిమితిలోనే ఉన్నాయని జవాబొచ్చింది.

అది అబద్ధం కాదు, అదే నా బాధ. నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. మాకూ అదే వర్తిస్తుందనుకున్నాను. విమానాశ్రయాలకి 2018 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ వేరే పరిమితి పెట్టింది. ఏడాదిలో టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు కలిపి 50,000 దాటే చోట పగలు 70, రాత్రి 65. మిగతా వాటికి 65, 60. పైగా అది సగటు. రాత్రంతటిలో రెండే విమానాలొస్తే సగటు తక్కువే వస్తుంది, పాప మాత్రం రెండుసార్లూ లేస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా షెడ్యూల్ విమానాలే ఆపేశారు. పసిపిల్లలున్న ఇళ్లకి కావాల్సింది అలాంటి నియమం. మనకీ రావాలి.

శబ్దం తగ్గించడానికి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2001లో చెప్పిన నాలుగు మార్గాల్లో చుట్టుపక్కల భూమిని ఎలా వాడాలో ముందే తేల్చడం ఒకటి. మన దగ్గర ముందు ప్లాట్లు అమ్ముడైపోతాయి, ఆ ఆలోచన తర్వాత వస్తుంది. అందుకే ఆ పని మీరే చేసుకోండి.

స్థలం ఎన్ని కిలోమీటర్లు అని కాదు, రన్‌వేకి ఏ వైపు అని చూడండి. రన్‌వే పక్కన దగ్గరగా ఉన్న ఇంటికన్నా, దాని కొసకి తిన్నగా ఎదురుగా కాస్త దూరంలో ఉన్న ఇంటికే రొద ఎక్కువ ఉండొచ్చు. జెట్ విమానాలు మామూలుగా 3 డిగ్రీల వాలులో దిగుతాయి. అంటే రన్‌వే కొసకి 3 కిలోమీటర్ల దూరంలో కూడా విమానం మీ డాబా మీద దాదాపు 170 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఫోన్ మ్యాప్‌లో శాటిలైట్ బొమ్మ తెరిచి, రన్‌వే గీతని రెండు వైపులా పొడిగించి చూడండి. రన్‌వేని పొడిగిస్తే ఆ కొస మీ స్థలం వైపు జరగొచ్చు, అదీ లెక్కలో పెట్టుకోండి. ఇప్పుడు తిరిగే చిన్న విమానాల చప్పుడు విని సరేననుకోవద్దు, జెట్ల రొద వేరు.

మీ ప్లాటు ఆ గీతకి ఎంత దూరంలో ఉందో, ఏ దిక్కున ఉందో ఇక్కడ రాయండి. అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఆ సంగతి తేలేదాకా ఆగండి.