గుంటలో తెట్టు, వాగులో విషం

ప్రశ్న: ఈక్వెడార్ అడవుల్లో టెక్సాకో చమురు తవ్వకాలపై డాక్యుమెంటరీ చూశాను. గుంటల్లో పోసిన వ్యర్థం తాగే నీళ్లలోకి ఎలా చేరింది? పరిహారం అందిందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చమురుతోపాటు భూగర్భం నుంచి ఉప్పునీరూ ఎగదన్నుకొస్తుంది. అందులో బెంజీన్ లాంటి విష రసాయనాలు కలిసి ఉంటాయి. దాన్ని మళ్లీ లోతు పొరల్లోకే పంపుతో ఎక్కించాలి. అది ఖర్చు వ్యవహారం. అందుకని బావి పక్కనే మట్టి గుంట తవ్వి, అడుగున ఏ షీటూ పరవకుండా వదిలేశారు. అమెజాన్ వానలకు గుంట పొంగకుండా గట్టులోంచి వంపు గొట్టం పెట్టారు. నల్లటి తెట్టు గుంటలోనే తేలుతుంది, కింది నీరు గొట్టంలోంచి వాగులో పడుతుంది. కంటికి ఆ నీరు తేటగానే కనిపించొచ్చు, చిక్కంతా అక్కడే. అడుగు నుంచి ఊట సరేసరి.

పరిహారమా? కేసు 1993లో న్యూయార్క్‌లో మొదలైంది. 2001లో టెక్సాకో షెవ్రాన్‌లో కలిసింది. 2011లో ఈక్వెడార్‌లోని లాగో అగ్రియో కోర్టు బాధితుల పక్షాన తీర్పిచ్చింది; 2013లో పరిహారం మొత్తం సుమారు 950 కోట్ల డాలర్లుగా తేలింది. మోసంతో, లంచంతో సంపాదించిన తీర్పంటూ 2014లో న్యూయార్క్ జడ్జి అమెరికాలో దాని అమలుకు అడ్డుకట్ట వేశారు. కాలుష్యం జరగలేదని మాత్రం ఆయన అనలేదు. షెవ్రాన్ ఆ డబ్బు కట్టలేదు.