గడప మార్చే ముందు నీళ్ల దారి చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చెన్నై పడమటి మాంబళంలో నువ్వు కొన్న పాతింటి వీధి గుమ్మం ఫొటోలు చూశాను. ఎడమవైపు నిలువు కర్ర అడుగున రంగు పొక్కులు లేచి ఉంది, గడప నడుమ కర్ర దిగబడి నీళ్లు నిలిచిన మచ్చ కనబడుతోంది. ద్వారబంధం మొత్తం పీకించి కొత్తది పెట్టిస్తానని రాశావు. ఆ పని చేయవద్దు. గోడలోకి దిగిన ఇనుప పట్టీలను ఊడదీయాలంటే చుట్టూ గోడ పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది, పైగా నడుము ఎత్తు నుంచి పైనున్నదంతా చేవదేలిన పాత టేకు. అలాంటి కర్ర ఇప్పుడు కొనబోతే నీ జేబుకు తెలుస్తుంది. చెడింది కిందనున్న జానెడు కర్ర, గడప. ఆ రెండే మార్చు.

కర్ర తనంతట తాను కుళ్లదు. అందులో తేమ 20 శాతం దాటి చాలాకాలం నిలిచినప్పుడే శిలీంధ్రం పట్టి నారను తినేస్తుంది. అందుచేత ఉలి పట్టుకునే ముందు, వీధివైపు ఒక చెంబు నీళ్లు పోసి, పది నిమిషాలు అక్కడే కూర్చుని అవి ఎటు పోతాయో చూడు. పాత అరుగు మీద కొత్త టైల్స్ పరిచి ఉంటే వాకిలి ఎత్తు పెరిగి నీళ్లు గడప కిందికే తిరుగుతాయి. మీ ఇంట్లో జరిగింది అదేనని నా అనుమానం. సన్‌షేడ్ పొట్టిగా ఉన్నా, నిలువు కర్ర పాదాన్ని సిమెంటుతో కప్పేసినా ఫలితం అదే. సిమెంటు కర్రకు అంటుకుని ఉండదు, మధ్యలో వెంట్రుకవాసి సందు వదులుతుంది, అందులోకి దిగిన నీరు మళ్లీ ఆరదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. తిరువల్లిక్కేణిలో అద్దెకున్న రోజుల్లో మా గుమ్మానికి ఇదే తెగులు వస్తే, మెత్తబడిన చోటు కొంచెం గీకి, రంపపు పొట్టులో జిగురు కలిపి మెత్తి, పైన రంగు వేసి, దీపావళికి వచ్చినవాళ్లందరికీ గొప్పగా చూపించాను. సంక్రాంతికి ఇల్లు దులుపుతుండగా ఆ మెత్తిందంతా మూతలా ఒక్క ముక్కగా చేతిలోకి వచ్చింది. వెనకనున్న కర్ర కాఫీ పిప్పిలా తడితడిగా రాలింది. తేమను లోపలే పెట్టి బిరడా వేశానని అప్పుడు తెలిసింది.

కాబట్టి స్క్రూడ్రైవరు మొన తీసుకుని అంగుళానికి ఒకచోట పొడిచి చూడు. గట్టి కర్ర మొనను ఆపుతుంది, కుళ్లినది లోపలికి పోనిస్తుంది. గట్టి భాగం మొదలైన చోట గీత గీసి, అక్కడినుంచి మరో రెండు అంగుళాలు పైకి కోత గుర్తు పెట్టు. లోపల మట్టి గూళ్లు, పొరలు పొరలుగా తినేసిన నార కనబడితే అవి చెదలు. ముందు వాటి సంగతి చూడాలి. పాతిల్లు గనుక గుమ్మం పైన గోడ బరువు మోసే లింటెల్ దూలం ఉందో, గోడ బరువు ద్వారబంధమే మోస్తోందో తేల్చుకోకుండా మాత్రం రంపం పెట్టనివ్వకు. అనుమానముంటే దన్ను పెట్టించు. తలుపు రెక్కను ముందే దింపించు.

ఈ పనికి తమిళుల మాసి, పంగుని నెలలు, అంటే ఫిబ్రవరి నడుమ నుంచి ఏప్రిల్ నడుమ దాకా, మంచివి. ఐప్పసి వానలు మొదలయ్యాక, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, చెన్నైలో కర్ర ఆరదు. రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు ఎపాక్సీ, తడి కర్రకు అదీ పట్టదు. చెడినది కోసేశాక రెండు వారాలు గాలికి వదిలి, ఆ తరువాతే కొత్త ముక్క కూర్చమను.

అతుకు గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే పనివాళ్లు తొందరపడేది ఇక్కడే. కర్రను అడ్డంగా కోసి కింద ముక్క నిలబెడితే అది నిలవదు. పాత కర్రలో సగం మందం, కొత్త ముక్కలో సగం మందం చెక్కి ఒకదానిపై ఒకటి కూర్చాలి. నాలుగంగుళాల కర్రకు ఆ కలయిక పొడవు ఎనిమిది అంగుళాలైనా ఉండాలి. వీధివైపు కనబడే అతుకు గీత బయటికి వాలుగా దిగితే, పడిన నీరు సందులోకి పోకుండా జారిపోతుంది. బిగించడానికి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడు, మన ఉప్పుగాలికి ఇనుప మేకులు ఎన్నాళ్లో ఉండవు. మామూలు తెల్ల జిగురు వద్దు, ఎపాక్సీ కలిపించు. అయితే ఎండలో అది తొందరగా బిగుస్తుంది గనుక కొంచెం కొంచెంగా కలపాలి. ముక్క కూర్చే ముందు దాని అడుగు కొసకు ఎపాక్సీ రెండు మూడు పూతలు పట్టించు, నార నోరు తెరుచుకుని ఉండే ఆ కొసే నీళ్లను గొట్టంలా పీలుస్తుంది. పాదం నేలకు ఆనకుండా చిన్న కడప రాయి ముక్క మీద నిలవాలి.

గడప రెండు కొసలూ నిలువు కర్రల్లో దూరి ఉంటాయి గనుక అది నిండుగా బయటికి రాదు. నడుమ కోసి రెండు ముక్కలుగా లాగాలి. కొత్తదాన్ని రెండు కర్రల మధ్య సరిగ్గా పట్టేలా కోయించి, కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి కూర్చు. అయిదంగుళాల వెడల్పులో అర అంగుళం వీధివైపు వాలుండాలి. బయటి అంచు అడుగున సన్నని గాడి తీయిస్తే నీటిచుక్క వెనక్కి పాకకుండా అక్కడే తెగి పడుతుంది. అక్కడి ఆశారితో, అంటే వడ్రంగితో, మాట్లాడేటప్పుడు తమిళంలో ద్వారబంధాన్ని వాసక్కాల్ అను, గడపను వాసల్పడి అను, పని సులువవుతుంది.

పాత రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దవద్దు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించరాదన్న నిబంధన అమలైంది 2017లో; అంతకుముందు వేసిన పొరల్లో ఎంత ఉందో ఎవరు చూశారు? ఇంట్లో పసిపిల్ల ఉంది, తడిపి రుద్దించి, ఆ చెత్తను మూటగట్టి పారవేయించు. తరువాత ప్రైమరు, దానిమీద రెండు పూతలు ఎనామెల్ చాలు. గడపకు మాత్రం అడుగు వైపు కూడా, కూర్చకముందే వేయించాలి.

ఇక పసుపు సంగతి. శుక్రవారం శుక్రవారం మీ అమ్మ గడపను నీళ్లు పోసి కడిగి పసుపు రాస్తుంది. పసుపు రాయడం మానమని మా అక్కకు చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. నీళ్లు కుమ్మరించకుండా తడిగుడ్డతో తుడిచి రాయమని నువ్వే మెల్లగా చెప్పు. పాత గడప తీసే రోజు మంచిచెడ్డలు కూడా ఆమెనే అడుగు.

ఆశారికి కబురు చేసే ముందు చెంబు నీళ్లు ఎటు పోయాయో నాకు రాయి.

నీ మేనమామ